గదిలో 50, పెరట్లో 85: మనుషుల ఫోటోలకు అందుబాటు ధరలో రెండు ప్రైమ్ లెన్సులు

కెమెరాతో పాటు వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్సుతో ఏడాదో రెండేళ్ళో ఫోటోలు తీశాక చాలామందికి ఒకే కోరిక కలుగుతుంది. ముఖం నిగనిగలాడుతూ స్పష్టంగా ఉండి, వెనక ఉన్నదంతా మెత్తగా కరిగిపోయినట్లు కనిపించే ఫోటో తమ చేతులతో తీయాలనుకుంటారు. ఆ కోరికతో దుకాణానికి వెళ్తే రెండు పేర్లు వినిపిస్తాయి: 50 మి.మీ. ఎఫ్/1.8, 85 మి.మీ. ఎఫ్/1.8. రెండూ ప్రైమ్ లెన్సులు, అంటే జూమ్ లేనివి. మి.మీ. అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా కనిపిస్తుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువగా తెరుచుకుంటుంది. కానన్ వాటిలో మొదటిది పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది, రెండోదానికి అంతకు మూడు నాలుగు రెట్లు పెట్టాలి. "పోర్ట్రెయిట్ తీయాలంటే 85 ఉండాల్సిందే" అన్న మాట విని, డబ్బు కూడబెట్టుకునేదాకా ఆగిపోయినవారిని నేను చూశాను. నేను కానన్ 200డీ కెమెరా మీద ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సును ఐదేళ్ళుగా, ఈఎఫ్ 85 మి.మీ. ఎఫ్/1.8 యూఎస్‌ఎం లెన్సును రెండేళ్ళుగా వాడుతున్నాను. ఈ రెండింటిలో అద్దం నాణ్యత 85లోనే ఎక్కువ. అయినా క్రాప్ సెన్సర్ (ఫిల్ము ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) కెమెరా ఉండి, ఎక్కువ ఫోటోలు ఇంట్లోనే తీసేవారు 50నే కొనాలని నా అభిప్రాయం. ధర తక్కువ కావడం అందుకు రెండో కారణం మాత్రమే. మొదటి కారణం, మన ఇళ్ళలో మనిషికీ కెమెరాకూ మధ్య దొరికే దూరం.

ఆ దూరాన్ని నేను టేపు పెట్టి కొలిచి చూసుకున్నాను. 200డీ, 1500డీ వంటి కెమెరాల్లో సెన్సర్ 22.3 మి.మీ. పొడవు, 14.9 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత) సెన్సర్ కన్నా ఇది చిన్నది కాబట్టి, 50 మి.మీ. లెన్సు దీని మీద ఫుల్ ఫ్రేమ్‌లోని 80 మి.మీ. లెన్సు చూపించేంత దృశ్యమే చూపిస్తుంది. 85 మి.మీ. లెన్సు 136తో సమానమవుతుంది. కెమెరాను నిలువుగా పట్టుకుని తల నుంచి ఛాతీ దాకా ఫ్రేములో నింపాలంటే 50తో 5 అడుగుల దూరంలో నిలబడితే చాలు, 85తో ఎనిమిదిన్నర అడుగులు జరగాలి. నడుము దాకా కావాలంటే 50కి 8 అడుగులు, 85కి సుమారు 14 అడుగులు పడతాయి. పట్టుచీర కట్టుకున్న మనిషిని కొప్పు నుంచి కుచ్చిళ్ళ దాకా, పైనా కిందా కొంచెం ఖాళీ ఉండేలా తీయాలంటే 50కే పదిహేనున్నర అడుగులు కావాలి, 85కైతే 26 అడుగులు. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న మామూలు హాలులో ఈ మూల నుంచి ఆ మూలకు కర్ణం కొలిచినా పద్దెనిమిదిన్నర అడుగులకు మించదు. అందులో సోఫాకు, బీరువాకు పోయేది పోగా, మనిషి వెనక గోడకు వదలవలసిన మూడడుగులు కూడా తీసేస్తే, 50తో మోకాళ్ళ దాకా తీయగలుగుతాం. 85తో నడుము దాకా తీయడానికే గుమ్మంలోకి వెళ్ళి నిలబడాలి.

ఇది నాకు లెక్కల్లో కన్నా ముందు అనుభవంలోనే తెలిసింది. 85 కొన్న కొత్తలో మా పిన్ని కూతురి ఓణీల వేడుకకు దాన్నొక్కటే పట్టుకుని వెళ్ళాను. పీట మీద కూర్చున్న పిల్లనూ, పక్కన నిలబడ్డ మేనమామనూ కలిపి తీయడానికి నేను వీధి వసారాలోకి నడిచి, అక్కడి నుంచి ద్వారబంధం మధ్యగా చూస్తూ తీయవలసి వచ్చింది. నాకూ వాళ్ళకూ మధ్య అక్షింతల పళ్ళేలు పట్టుకుని ముత్తయిదువులు నడుస్తూనే ఉన్నారు. ఆ పిల్ల ముఖంలో సిగ్గు కనిపించిన క్షణాలన్నీ ఎవరో ఒకరి భుజం వెనక్కి పోయాయి. దగ్గరుంటే "అమ్మడూ, కాస్త ఇటు చూడమ్మా" అని మెల్లగా అనవచ్చు. 14 అడుగుల నుంచి అదే మాట కేక పెట్టి చెప్పాలి. మనిషి ముఖంలో సహజత్వం మాటలు కలిసే దూరంలోనే నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. క్రాప్ సెన్సర్ మీద 50 ఇచ్చే 5 నుంచి 8 అడుగులు సరిగ్గా ఆ దూరమే.

అలాగైతే ఇంకా దగ్గరికి వెళ్ళి 35 మి.మీ. లెన్సుతో తీయవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. ముఖం రూపురేఖలు మారడానికి కారణం లెన్సు అంకె అని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటిని మార్చేది కెమెరాకూ ముఖానికీ మధ్య ఉన్న దూరం. ఛాతీ దాకా ఫోటోకు 35తో మూడున్నర అడుగుల దూరంలోకి వెళ్ళాలి. అంత దగ్గరలో ముక్కు, చెవుల కన్నా కెమెరాకు గణనీయంగా దగ్గరవుతుంది కాబట్టి కొంచెం ఉబ్బినట్లు, చెవులు వెనక్కి పోయినట్లు కనిపిస్తాయి. ముఖం వరకే తీయాలని ఇంకా ముందుకు జరిగితే ఆ తేడా మరింత తెలుస్తుంది. ఇంటి వాతావరణంతో సహా మనిషిని చూపించడానికి 35 మంచి లెన్సే, ముఖమే ప్రధానమైన ఫోటోకు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను.

వెలుతురు విషయంలో రెండు లెన్సులూ సమానమే. కిట్ లెన్సును 55 మి.మీ. దగ్గరికి తిప్పితే దాని అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/1.8 దగ్గర అంతకు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. అంటే కిట్ లెన్సుకు ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన స్థాయి, పెంచినకొద్దీ ఫోటోలో నలుసులు పెరుగుతాయి) 3200 పెట్టవలసిన చోట 320 లేదా 400 సరిపోతుంది. మా అమ్మమ్మ ఉండే పెంకుటింట్లో మధ్యగదికి ఒకటే కిటికీ. సాయంత్రం పూట ఆమె ఆ కిటికీ పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటుంది. కిట్ లెన్సుతో తీసినన్నాళ్ళూ ఆమె ముఖంలోని ముడతల స్థానంలో రంగు రంగుల ఇసుక చల్లినట్లు నలుసులే కనిపించేవి. ఫ్లాష్ వేస్తే ఆమె కళ్ళు మూసుకునేది, గది స్వభావమూ పోయేది. 50తో, ఎఫ్/2 దగ్గర, సెకనులో 125వ వంతు షట్టర్‌తో, ఆ కిటికీ వెలుగు ఒక్కదానితోనే తీసిన ఫోటో ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఉంది. ఆమె బుగ్గ మీది ప్రతి గీతా అందులో చదవవచ్చు. ఈ లెన్సుకు పెట్టిన డబ్బు నాకు ఆ ఒక్క ఫోటోతోనే తీరిపోయింది. ఈ రెండు లెన్సుల్లోనూ చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ లేదు, 200డీ లోపలా లేదు. అందువల్ల 50తో సెకనులో 100వ వంతు, 85తో 160వ వంతు కన్నా షట్టర్‌ను నెమ్మదిగా పెట్టకూడదు. పిల్లలను తీసేటప్పుడైతే 250వ వంతు ఉండాలి.

ఎఫ్/1.8 ఉన్నది కదా అని ఎల్లప్పుడూ పూర్తిగా తెరిచి తీయడం కొత్తగా కొన్నవారంతా చేసే పొరపాటు, నేనూ ఆరు నెలల పాటు చేశాను. 50తో 5 అడుగుల దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే మందం అంతా కలిపి 6 సెంటీమీటర్లే. కంటి మీద ఫోకస్ చేస్తే చెవి జుంకీ అప్పటికే మసకబారుతుంది. ముఖం వరకే తీయాలని మూడడుగుల పైచిలుకు దూరంలోకి వెళ్తే ఆ మందం మూడు సెంటీమీటర్ల కన్నా తగ్గుతుంది. అప్పుడు కన్ను స్పష్టంగా ఉండి, ముక్కుపుడక మెరుపు చెదిరి, చిన్న తెల్లటి మచ్చలా మిగులుతుంది. పెళ్ళికూతురి ముఖంలో ముక్కుపుడక మసకగా ఉంటే ఆ ఫోటోను ఇంట్లో ఎవరూ మెచ్చుకోరు, వారి అసంతృప్తి న్యాయమైనదే. అంత దగ్గరి ఫోటోకు ఎఫ్/4, ఛాతీ దాకా ఫోటోకు ఎఫ్/2.8, వెలుతురు చాలని చోట మాత్రమే ఎఫ్/2 అన్నది నేను కుదుర్చుకున్న పద్ధతి. పైగా 50 ఎస్‌టీఎం ఎఫ్/1.8 దగ్గర కాస్త పొగమంచు కప్పినట్లు మెత్తగా ఉంటుంది. ఎఫ్/2.8కి వచ్చేసరికి కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా తెలిసేంత వాడిగా మారుతుంది.

నేపథ్యం కరగడంలో 85 ఎంత మెరుగు అన్నదే ఎక్కువమంది అడిగే ప్రశ్న. ఒకే రకంగా ఛాతీ దాకా ఫ్రేము కట్టి, రెండింటినీ ఎఫ్/1.8 దగ్గర వాడితే, స్పష్టంగా ఉండే మందం రెండింటిలోనూ ఒక్కటే. తేడా వెనక ఉన్న వస్తువుల్లో కనిపిస్తుంది, అదీ అవి ఎంత దూరాన ఉన్నాయన్న దాన్ని బట్టి. మనిషి వెనక మూడడుగుల్లో గోడ ఉంటే 85 ఇచ్చే మసక 50 ఇచ్చే దానికన్నా ఐదో వంతు మాత్రమే ఎక్కువ. వెనక 60 అడుగుల దూరాన కొబ్బరిచెట్లో, చెరువుగట్టో ఉంటే ఆ తేడా 60 శాతానికి చేరుతుంది. అంటే గది లోపల 85 మనల్ని వీధిలోకి నెడుతుందే తప్ప, దానికి తగిన అందాన్ని ఫోటోకు చేర్చదు. ఆరుబయట మాత్రం తన విలువ పూర్తిగా చూపిస్తుంది. మా పెరట్లో మామిడిచెట్టు కింద పొద్దున్నే తీసిన ఫోటోల్లో ఆకుల సందుల వెలుగు గుండ్రటి, మెత్తని చుక్కలుగా మారి, మనిషి వాటి ముందు విడిగా నిలుచున్నట్లు ఉంటుంది. ఆ ఒక్క గుణంలో 50 దానికి సాటి రాదని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

85 యూఎస్‌ఎం 1992లో వచ్చిన లెన్సు. ఫిల్ము కాలపు రూపకల్పన అయినా ఈనాటి 24 మెగాపిక్సెళ్ళ సెన్సర్ మీద ముఖాన్ని చక్కగా నిలబెడుతుంది. ఫోకస్ చప్పుడు లేకుండా, చటుక్కున పడుతుంది. ఫోకస్ అయ్యేటప్పుడు ముందు గొట్టం బయటికి రాదు. 425 గ్రాముల బరువు వల్ల చేతిలో నిలకడగా కూర్చుంటుంది. అయితే మన వేడుకల్లో తీసేవారు తప్పక తెలుసుకోవలసిన లోపం ఒకటి దీనిలో ఉంది. ఎఫ్/1.8, ఎఫ్/2 దగ్గర బాగా మెరిసే అంచుల చుట్టూ ఊదారంగు గీత పడుతుంది. జరీ అంచు మీద ఎండ పడినప్పుడు, నల్లటి జడలో తెల్లటి మల్లెలు ఉన్నప్పుడు, వెండి పళ్ళేల అంచుల మీద ఇది కొట్టొచ్చినట్లు తెలుస్తుంది. ఎఫ్/2.8కి మూస్తే చాలావరకు తగ్గుతుంది, మిగిలినది కంప్యూటర్‌లో తొలగించుకోవచ్చు. కానీ జరీ అంచులోనే ఊదారంగు ఉన్న చీరైతే, ఏది నిజమైన రంగో ఏది లెన్సు తెచ్చిన రంగో తేల్చడం కష్టం. ఇది 85 సెంటీమీటర్ల కన్నా దగ్గరలో ఫోకస్ కూడా చేయదు. 50 ఎస్‌టీఎం 35 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. బారసాలలో ఉయ్యాల పక్కన నిలబడి పాపాయి పిడికిలిని ఫ్రేములో పెద్దగా తీయగలగడం దానివల్లే సాధ్యమైంది.

50 ఎస్‌టీఎం 2015లో వచ్చింది. 1990 నుంచి అమ్ముడైన పాత 50 మి.మీ. ఎఫ్/1.8 రెండో రకం ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరుకుతుంది. కొత్తదానికి, దానికి మధ్య తేడా పేరులోనే ఉందని అనుకోకూడదు. పాతదానికి కెమెరాకు తగిలించే చోట ప్లాస్టిక్, కొత్తదానికి లోహం. పాతదానిలో అపర్చర్ బ్లేడ్లు 5, కొత్తదానిలో 7. పెళ్ళి పందిట్లో మనిషి వెనక సీరియల్ లైట్లు ఉన్నప్పుడు ఈ బ్లేడ్ల సంగతి బయటపడుతుంది. ఎఫ్/2.8 దగ్గర పాత లెన్సు ప్రతి బల్బునూ ఐదు మూలల ముక్కగా చూపిస్తుంది, కొత్తది దాదాపు గుండ్రంగా చూపిస్తుంది. కొద్ది వందలో, వేయి రెండు వేలో ఆదా అవుతాయని పాతదాన్ని కొనడం నాకు సమ్మతం కాదు.

ఇంత మెచ్చుకున్నాక దాని లోపాలూ చెప్పాలి. ఫోకస్ మోటారు మెల్లగా గుర్రుమంటుంది. వీడియో తీస్తే ఆ శబ్దం కెమెరా మైకులో వినిపిస్తుంది. పందిట్లో దీపాల వెలుగు మాత్రమే ఉన్నప్పుడు ఫోకస్ ముందుకూ వెనక్కూ తచ్చాడుతుంది. ఫోకస్ రింగు చేత్తో తిప్పితే మోటారు ద్వారానే కదులుతుంది కాబట్టి కెమెరా ఆన్‌లో లేకపోతే పనిచేయదు. ఫోకస్ అయ్యేటప్పుడు లోపలి గొట్టం బయటికి వస్తుంది, దానికి దెబ్బ తగిలితే మోటారు పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకని విడిగా అమ్మే, లెన్సు ముందు తొడిగే ఈఎస్-68 హుడ్‌ను లెన్సుతో పాటే కొనమని చెబుతాను. అది ఆ గొట్టాన్ని కాపాడుతుంది, ఎదురువెలుగులో ఫోటో తెల్లగా వెలిసిపోకుండా కూడా చూస్తుంది.

ఏ లెన్సు కొన్నా ఫోకస్ విషయంలో ఒక అలవాటు మార్చుకోవాలి. మధ్యలో ఉన్న ఫోకస్ పాయింటుతో కంటి మీద ఫోకస్ చేసి, తర్వాత కెమెరాను తిప్పి ఫ్రేము సరిచేసుకోవడం కిట్ లెన్సుతో చెల్లుతుంది. ఎఫ్/1.8 దగ్గర చెల్లదు. 5 అడుగుల దూరంలో ఫ్రేము మధ్యభాగం కంటి నుంచి 20 సెంటీమీటర్లు పక్కకు పోయేలా కెమెరాను తిప్పితేనే ఫోకస్ తలం కంటి కన్నా సెంటీమీటరు పైగా వెనక్కి పోతుంది. ఉన్నదే ముందూ వెనకా చెరి మూడు సెంటీమీటర్లు. కంటికి దగ్గరలో ఉన్న పాయింటును ఎంచుకోవడమో, తెర మీద చూస్తూ లైవ్ వ్యూలో తీయడమో మంచిది. 200డీలో లైవ్ వ్యూ ఫోకస్ వేగంగానే ఉంటుంది. 1500డీలో నెమ్మది, కదలని మనుషులకు సరిపోతుంది. పైగా సెన్సర్ మీదే చూసి ఫోకస్ చేసే పద్ధతి కాబట్టి, వ్యూఫైండర్ ద్వారా తీసినప్పుడు కొన్ని లెన్సుల్లో కనిపించే ముందు-వెనక ఫోకస్ తేడా ఇందులో రాదు.

50 మి.మీ. లెన్సు ఇంత చౌకగా ఎలా వస్తుందో అర్థమైతే దాన్ని చిన్నచూపు చూడబుద్ధి కాదు. కానన్ ఈఎఫ్ కెమెరాల్లో లెన్సు తగిలించే చోటికీ సెన్సర్‌కూ మధ్య 44 మి.మీ. దూరం ఉంటుంది. దృశ్యాన్ని వ్యూఫైండర్ వైపు మళ్ళించే ఊగే అద్దానికి చోటు కావాలి కాబట్టి ఆ దూరం తప్పదు. 35, 28 మి.మీ. లెన్సుల్లో బింబాన్ని అంత వెనక్కి నెట్టడానికి అదనపు అద్దాలు చేర్చాలి. 50కి ఆ అవసరం ఉండదు. 6 అద్దాలతో, ఎన్నో దశాబ్దాలుగా పరీక్షకు నిలిచిన అమరికతో పని అయిపోతుంది. 160 గ్రాముల ఈ వస్తువు ధర తక్కువ కావడానికి కారణం దాని పని తేలిక కావడమే. ఫోటోలో ఆ చౌకదనం కనిపించదు.

ఇతర కెమెరాల వారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. నికాన్ డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి, 50 మి.మీ. ఎఫ్/1.8 "డీ" రకం ధర చూసి మోసపోకుండా, లెన్సులోనే మోటారు ఉన్న "జీ" రకమే తీసుకోవాలి. సోనీ క్రాప్ సెన్సర్ కెమెరాలకు స్టెబిలైజర్ ఉన్న "ఈ" మౌంట్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఓఎస్ఎస్ ఉంది. కానన్ ఆర్50, ఆర్10 వంటి మిర్రర్‌లెస్ (ఊగే అద్దం లేని) కెమెరాలకు 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 సరిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవారికి మాత్రం నా సలహా తలకిందులవుతుంది. ఆ సెన్సర్ మీద 85తో ఛాతీ దాకా ఫోటోకు 5 అడుగుల పైచిలుకు, నిలువెత్తు ఫోటోకు 16 అడుగులు చాలు, అంటే నాకు 50 ఇస్తున్న దూరాలే వారికి 85 ఇస్తుంది. వారు 85నే కొనాలి.

కొనేముందు ఎవరైనా చేయగల పరీక్ష ఒకటుంది. కిట్ లెన్సును 50 దగ్గర పెట్టి, రింగు కదలకుండా చిన్న టేపు అంటించి, ఒక ఆదివారమంతా ఇంట్లోవారిని తీయండి. 55-250 జూమ్ ఉంటే మరుసటి ఆదివారం దాన్ని 85 దగ్గర పెట్టి అదే పని చేయండి. ఎన్నిసార్లు వీపు గోడకు తగిలిందో లెక్కపెట్టుకుంటే చాలు.

85 మీద మనసున్నవారు సెకండ్ హ్యాండ్‌లో చూడవచ్చు, నాదీ అలా కొన్నదే. దానికి ముందు ఒక దుకాణంలో నాకు చూపించిన లెన్సు పైకి కొత్తదానిలా మెరిసింది. వెనక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడు లాంటి ఫంగస్ కనిపించింది. పైనున్న అద్దాన్ని తుడిస్తే పోయే దుమ్ము కాదది, అద్దం పూతనే తినేస్తుంది. కోస్తా జిల్లాల గాలిలో తేమ వల్ల ఇది మరీ త్వరగా పడుతుంది. అందువల్ల టార్చితో చూడకుండా ఎవరి మాట మీదా డబ్బు చెల్లించవద్దు. అపర్చర్ బ్లేడ్ల మీద నూనె తడి ఉందేమో చూడాలి. తర్వాత మీ కెమెరాకే తగిలించి, ఎఫ్/1.8 దగ్గర ఏదైనా వార్తాపత్రికను ఏటవాలుగా పెట్టి తీసి, ఫోకస్ చేసిన వరుసే స్పష్టంగా వచ్చిందో లేదో తెర మీద పెద్దది చేసి చూసుకోవాలి. కొన్నాక వానాకాలంలో లెన్సును తోలు సంచిలో మూసిపెట్టకుండా, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, ఆ గింజలు రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వేయండి. నా రెండు లెన్సులూ ఉండేది అలాంటి డబ్బాలోనే, టార్చి వెలుగులో వాటి అద్దాలు ఇప్పటికీ తేటగానే ఉన్నాయి.